ఓడలో కుదురైన చోటు



ఓడ యెక్కువానికి గది యెచ్చట నుండవలెనను ప్రశ్న మన గ్రామపు అరుగులపై కూర్చుండి వినువారికి దూరపు మాటగా తోచవచ్చును. కాని తెలుగువారికి సముద్రము దూరము కాదు. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాపకొయ్యలు గల యోడబొమ్మ కలదు. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దమున మోటుపల్లి రేవునకు వచ్చు సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. మన తాతల కాలమున గోదావరి, విశాఖ, గంజాము మండలముల నుండి వేలకొలది జనులు రంగమునకు, అనగా రంగూను పట్టణమునకు, ఓడలమీద పోయి వచ్చుచుండిరి. ఈ కాలమున విహారనౌకలు వచ్చినవి. 2022లో అట్టి నౌక యొకటి చెన్నపట్టణము నుండి విశాఖపట్టణమునకు వచ్చెను. దేశాంతరములందున్న కొడుకులును కూతుండ్రును తల్లిదండ్రులను ఓడవిహారమునకు తీసికొని పోవుటయు నేడు వినుచున్నాము.

టిక్కెట్టు కొనునప్పుడు గుమాస్తా యోడపటము నొకదానిని ముందు పెట్టి, ఏ యంతస్తు కావలెను, ముందు కావలెనా, వెనుక కావలెనా, నడుమ కావలెనా యని యడుగును. చాలమంది పైయంతస్తు గొప్పదని యెంచి దానికే సొమ్ము చెల్లింతురు. రెండవనాటి రాత్రి సముద్రము పొంగినప్పుడు వారి యవస్థ వారికే తెలియును. ఓడలో కుదురైన చోటు ఎన్నడును మారలేదు. అచ్చట నెవరు పరుండవలెనను నిర్ణయము మాత్రము కాలమునుబట్టి మారుచు వచ్చినది. ఆ మార్పుల కథయే యీనాటి నా ప్రసంగము.

మొదట ఆ కుదురైన చోటు ఏదియో తెలిసికొందము. నీటిపై నున్న యోడకు ముఖ్యముగా మూడు విధములగు కదలికలు కలవు. ముక్కు పైకి లేచినప్పుడు వెనుకభాగము దిగుట, వెనుకభాగము లేచినప్పుడు ముక్కు దిగుట మొదటిది. దీనిని ముందువెనుకల యూపు అందము. కుడియెడమలకు ఒరగుట రెండవది. దీనిని ప్రక్కల యూపు అందము. ఓడ యంతయు ఒక్కసారి కెరటముపై కెక్కి దిగుట మూడవది.

మీలో ఏతము నెఱుగనివా రుండరు. ఏతపు మ్రానుపై మనుష్యుడు ముందునకు వెనుకకు నడచుచుండగా కొనలు బారలకొలది లేచి దిగుచుండును గదా. స్తంభముపై మ్రాను ఆనియున్న చోట చేయి పెట్టి చూచిన నచ్చట కదలిక మిక్కిలి స్వల్పము. ఓడ నడిసముద్రమున వేసిన యేతము వంటిది. దాని ఆధారస్థానము ఇంచుమించుగా నిడివికి నడుమ నుండును. 600 అడుగుల నిడివి గల యోడ 2 డిగ్రీలు మాత్రమే ముందువెనుకలకు ఊగినదనుకొనుడు. కంటికది యల్పమే. కాని నడుమనుండి 300 అడుగుల దూరముననున్న ముక్కు 10 అడుగులకు మించి పైకి లేచి, మరల 10 అడుగులకు మించి క్రిందికి దిగును. నడుమకు 30 అడుగుల దూరమున పరుండినవాడు ఒక్క యడుగు మాత్రమే లేచి దిగును. ఒకే యోడ, ఒకే కెరటము. గది వేఱగుటచేత బాధ పదింతలైనది.

ప్రక్కల యూపునకు కొబ్బరిచెట్టు దృష్టాంతము. గాలి వీచునప్పుడు చెట్టు తల ఎంత యూగును! మొదలు ఎంత యూగును! ఓడ 5 డిగ్రీలు ఒరగినప్పుడు, ఒరుగుటకు ఇరుసు వంటి చోటినుండి 60 అడుగుల యెత్తుననున్న గది 5 అడుగులకు పైగా ప్రక్కకు పోవును. 6 అడుగుల యెత్తుననున్న గది అర యడుగు మాత్రమే కదలును. అట్లే ఓడ యంచునగల గది ఒరిగినప్పుడెల్ల లేచి దిగును; వెడల్పునకు నడుమనున్నది అంతగా లేవదు. ఇక కెరటముపై కెక్కి దిగుట యన్నది ఓడయందలి ప్రతిచోటికిని సమానము. దానిని తప్పించుకొను గది లేదు. కావున నిడివికి నడుమ, వెడల్పునకు నడుమ, ఎత్తున నీటిమట్టమునకు దాపుగా నున్న చోటే కుదురైన చోటు.

కదలికచే వాంతి యేల కలుగవలెను? మన చెవి లోపలిభాగమున ఒడలి కదలికను కనిపెట్టు సూక్ష్మమైన యంగము కలదు. గదిలో కూర్చుండినవానికి కన్ను గోడలు కదలుట లేదని చెప్పును. చెవిలోని యంగము ఒడలు కదలుచున్నదని చెప్పును. ఈ రెండు సాక్ష్యములకును పొత్తు కుదరక శరీరము తల్లడిల్లును. అమెరికా దేశపు విలియం జేమ్సు అను పండితుడు 1882లో చెవిటిమూగవారిని విచారించి, వారిలో చాలమందికి తలత్రిప్పు గాని సముద్రవికారము గాని కలుగుట లేదని ప్రకటించెను. 1974లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో మనుష్యులను ఒక గదిలో కూర్చుండబెట్టి పైకి క్రిందికి ఊపి చూచిరి. ఇంచుమించు 5 సెకండ్ల కొకసారి లేచి దిగు కదలిక యెక్కువగా వాంతి కలిగించునని తేలినది. గొప్ప యోడల యూపు తఱచుగా ఈ తాళమునకు చేరువనే యుండును. ఒడలు లేచి దిగుటయే ముఖ్యశత్రువని దీనివలన తెలియుచున్నది. ఆ శత్రువు బలము ఓడకొనలయం దెక్కువ, నడుమ తక్కువ.

ఇక పూర్వులు ఏమి చేసిరో చూతము. ధారానగరాధీశుడగు భోజునిపేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువను గ్రంథమున నౌకానిర్మాణ ప్రకరణ మొకటి కలదు. అందు నౌకలను గదులుండు చోటునుబట్టి మూడు తెగలుగా విభజించిరి. ఆ కొననుండి యీ కొనవఱకు గదులున్నది సర్వమందిర. అది రాజధనమును, గుఱ్ఱములను, స్త్రీలను చేరవేయుటకు తగినది. నడుమ గదులున్నది మధ్యమందిర. అది రాజుల విలాసయాత్రలకును, వర్షకాలమునకును తగినది. ముందుభాగమున గదులున్నది అగ్రమందిర. అది వర్షములు వెలిసిన కాలమున దూరప్రయాణములకును యుద్ధమునకును తగినది. ఈ విభాగమునకు ఊపు కారణమని గ్రంథకర్త చెప్పలేదు. ఆయన చెప్పని దానిని నేను చెప్పను. అయినను విలాసమునకు పోవు రాజునకు నడుమ గది, నీరు కల్లోలముగానుండు వర్షకాలమునకు నడుమ గది యని చెప్పుటయు, ముందుచూపు కావలసిన యుద్ధమునకు ముందు గది యని చెప్పుటయు గమనింపదగినవి. గది యెచ్చట నుండవలెనను ప్రశ్నను శాస్త్రవిషయముగా నెంచినవారు మన దేశమున ఆ కాలమందే యుండిరి.

14వ శతాబ్దమున మొరాకో దేశస్థుడగు ఇబ్న్ బతూతా కాలికోట రేవున చీనా నౌక నెక్కబోయెను. ఆ గొప్ప నౌకలలో తాళము వేసికొనదగిన గదులు, వానికి చేరిన మఱుగుదొడ్లు కూడ నుండెడివి. మంచి గదుల నన్నిటిని చీనా వర్తకులు ముందే కుదుర్చుకొనిరి. ఆయనకు మఱుగుదొడ్డి లేని చిన్నగది దొరకెను. అది నచ్చక సామానులను మఱియొక చిన్న నౌకకు మార్పించెను. తాను ప్రార్థనకై తీరమున నిలిచిపోయెను. ఆ రాత్రి తుపాను వచ్చి పెద్ద నౌక పగిలిపోయెను. గది నచ్చకపోవుటయు ప్రార్థనకు నిలుచుటయు ఆయన ప్రాణమును కాపాడినవి. ఆయన గదిలో వెదకినది మఱుగు, శౌచసౌకర్యము. ఊపు సంగతి యెత్తలేదు. ఆ తరువాత కొన్ని శతాబ్దములు ఐరోపావారును గదిని ఊపునుబట్టి యెన్నుకొనలేదు.

ఐరోపావారి తెరచాపల యోడలలో గౌరవస్థానము వెనుకభాగము. కప్తాను గది యచ్చటనే; గొప్పవారి గదులును అచ్చటనే. దానికి కారణములు కలవు. చుక్కాని వెనుక నుండును గనుక ఓడను నడపించువాడు దాని దాపున నుండవలెను. వెనుకభాగమున గాజుకిటికీలు పెట్టవచ్చును, వెలుతురు వచ్చును. కెరటము ముక్కును కొట్టును గాని వెనుకకు నీరంతగా రాదు. ఇట్లు వెలుతురు, పొడి, గౌరవము అను మూడును వెనుకనుండెను. కుదురు మాత్రము లేదు. గొప్పవారు ఏతపు కొనను తమంతట తామే కోరి కూర్చుండిరి.

దీనికి చార్లెస్ డార్విన్ పండితుడే నిదర్శనము. ఆయన 1831 డిసెంబరు 27న బీగిల్ అను నౌకలో బయలుదేరి 1836 అక్టోబరు 2న ఇంగ్లండు చేరెను. ఆ నౌక ఇంచుమించు 90 అడుగుల నిడివి గలది. ఆయనకిచ్చిన గది వెనుకకొనను డెక్కుమీద నుండెను. పటములు గీయు బల్లపైన వలయుయ్యెల కట్టుకొని, కాళ్లు చాచుటకు చోటు చాలక గోడబీరువా సొరుగు నొకదానిని తీయించి నిద్రించుచుండెను. ఓడ ప్రక్కలకు ఒరగినప్పుడు వలయుయ్యెల నిలువుగానే వ్రేలాడుచుండును, అంతవరకు మేలే. కాని వెనుకకొన లేచి దిగుటను ఏ యుయ్యెల మాన్పగలదు? ఆ మహానుభావునకు దాదాపు అయిదేండ్లును సముద్రవికారము వదలలేదు. చాలదినములు ఎండుద్రాక్షపండ్లతో కాలక్షేపము చేసెను. ఇంగ్లీషు నౌకాసేనాని నెల్సన్ సంగతియు నట్టిదే. 1771లో బాలుడై సముద్రమెక్కిన యాయన 1804లో, అనగా ముప్పదియేండ్లు దాటిన పిదప కూడ, తనకు సముద్రవికారము తప్పుట లేదని జాబు వ్రాసెను. సముద్రమునకు సేనానియని కనికరము లేదు.

అదే కాలమున మనవారు ఎట్లు ప్రయాణము చేసిరి? 1860లో ట్రూరో అను ఓడ చెన్నపట్టణమున బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. ఒప్పందపు కూలీలుగా నేటాలునకు పోయిన మొదటి భారతీయులు అందులోనివారు. చెన్నరాజధానినుండి ఆ తరువాత పోయినవారిలో తెలుగువారు పెక్కురు. ఒప్పందపు కూలీల యోడలలో చోటు పంచుటకు ఒక వాడుక యుండెను. ఒంటరి మగవారికి ముందుభాగము, భార్యాభర్తలకును పిల్లలకును నడుమభాగము, ఒంటరి స్త్రీలకు వెనుకభాగము. ఇది ఊపునుబట్టి చేసిన విభాగము కాదు. మగవారిని స్త్రీలనుండి దూరముగా నుంచుటకు చేసినది. అయినను దానివలన పిల్లల తల్లులకు కుదురైన చోటు దక్కెను. ఒంటరి మగవాడు ముక్కుదగ్గఱ కెరటపు దెబ్బ నంతయు తినుచు వారములకొలది గడపెను. ఊరు విడిచిన దుఃఖమునకు తోడు కడుపు నిలువని దుఃఖము. తెలుగు పేరులు పెట్టుకొనుచు నేడును దక్షిణాఫ్రికాలోనున్న కుటుంబముల మూలపురుషులలో ఎందఱో ఆ ముందుభాగమున పరుండినవారే.

తరువాత ఆవిరియోడలు వచ్చినవి. మరచక్రము, అనగా నీటిని త్రోయు రెక్కలచక్రము, వెనుకభాగమున నుండుటచే అచ్చటి గదులలో రాత్రింబగళ్లు గడగడ శబ్దము, అదురు మొదలైనవి. గౌరవస్థానము కాస్త కష్టస్థానమైనది. 1871లో వైట్ స్టార్ కంపెనీవారు బెల్ఫాస్టులో కట్టించిన ఓషియానిక్ అను నౌకలో మొదటితరగతి గదులను వెనుకనుండి నడుమకు మార్చిరి. భోజనశాలయు నడుమనే, ఓడ యంతటి వెడల్పున. ఇతర కంపెనీలును ఈ మార్గమునే త్రొక్కినవి. నాటినుండి ధనికులు నడుమను, బీదలు రెండు కొనలను నుండుట రివాజైనది. 1912 ఏప్రిలులో మునిగిపోయిన టైటానిక్ నౌకలోను మొదటితరగతి నడుమనుండెను. మూడవతరగతి ఒంటరి మగవారు ముందుకొనను, ఒంటరి స్త్రీలును కుటుంబములును వెనుకకొనను నుండిరి. ఓడకొనలయందు ఊపు హెచ్చు. ఆ కొనలు బీదలకు. కుదురైన చోటు ఏదియో కనుగొనుట విద్య. కనుగొనిన పిమ్మట దానికి వెలకట్టుట వర్తకము. ఈ రెండును ఒకేసారి జరిగినవి.

మన రంగము ప్రయాణము ఈ కాలమునాటిదే. చెన్నపట్టణము, కాకినాడ, విశాఖపట్టణముల నుండి బంగాళాఖాతము దాటి కూలికి పోవువారు లక్షకు మించి బర్మాలో నివసించిన కాలమది. వారిలో పెక్కుమందిది డెక్కుటిక్కెట్టు. డెక్కుటిక్కెట్టు అనగా గది లేదు, మంచము లేదు. చాప పఱచుకొన్న చోటే ఇల్లు. రంగమునుండి తిరిగివచ్చిన వృద్ధులు మా చిన్నతనమున అరుగులపై ఆ మాటలు చెప్పుచుండగా వింటిని. ముందుగా నెక్కినవాడు నడుమకు పరుగెత్తి చాప వేయునట. ఆలస్యముగా వచ్చినవానికి ముక్కుదగ్గఱి చోటు మిగులునట. ఆ పరుగులో ముసలివారును పిల్లలతోడి తల్లులును వెనుకబడుదురట. రెక్కల బలమున్నవాడు నడుమ పరుండుటయు, బలములేనివాడు కొనను వాంతి చేసికొనుచు పడియుండుటయు చూచి తమకు సిగ్గు కలిగెనని ఒక పెద్ద చెప్పెను. తమ చాపను ఒక బాలెంతకు విడిచి ముక్కుదగ్గఱకు పోయినవారును ఉండిరట. వారు ఏ భౌతికశాస్త్రమును చదువలేదు. అయినను కుదురైన చోటు ఏదియో మొదటి ప్రయాణముతోనే తెలిసికొనిరి. అది ఎవరికి ముందుగా దక్కవలెనో కూడ తెలిసికొనిరి. 1942లో జపానువారు రంగూనును పట్టుకొనగా ఆ ప్రయాణములు నిలిచిపోయినవి. ఎందఱో అరకాను, అస్సాము త్రోవలను కాలినడకను తిరిగివచ్చిరి.

ఒకే యోడలో ఒకే చోట నున్నవారికిని వికారము సమానముగా నుండదు. 1896 డిసెంబరులో గాంధిమహాత్ముడు కుటుంబముతో కోర్లాండ్ అను నౌకలో దక్షిణాఫ్రికాకు పోవుచుండగా గొప్ప తుపాను పట్టుకొనెను. జనులు తల్లడిల్లుచుండగా ఆయనకు మాత్రము ఊపు తగులలేదు. కావున కప్తాను చెప్పిన వార్తలను గంటగంటకు ప్రయాణికులకు తెలుపుచు, వారిని ఊరడించుచు తిరిగెను. వికారము కలుగనివాడు కలిగినవానికి ఏమి చేయవలెనో ఇందువలన తెలియును.

చోటును మార్చుటతో తృప్తిపడక ఊపునే నిలుపవలెనని కొందఱు పూనిరి. ఉక్కు చేయుటలో క్రొత్తమార్గము కనిపెట్టి ధనికుడైన హెన్రీ బెస్సిమర్ 1868లో కాలే రేవునుండి డోవరు రేవునకు వచ్చునప్పుడు సముద్రవికారముచే మిక్కిలి బాధపడెను. అంతట ఆయన ఒక యోడను కట్టించెను. దాని నడుమ 70 అడుగుల నిడివి, 30 అడుగుల వెడల్పు గల గొప్ప శాల నొకదానిని ఇరుసులపై నిలిపి, ఓడ యొరగినను శాల యొరగకుండునట్లు నీటియొత్తిడిచే నడచు యంత్రముతో త్రిప్పించవలెనని ఏర్పాటు. ఒక మనిషి మట్టపుగాజును చూచుచు ఆ యంత్రమును నడపవలెను. 1875లో ఆ నౌక కాలే రేవునకు పోయి, చుక్కానికి లోబడక ధక్కాను గ్రుద్దెను. మఱియొకసారి పోయి మరల గ్రుద్దెను. శాల మాట దేవుడెఱుగును, ఓడయే నిలువలేదు. కంపెనీ మూతపడెను. ఆ శాలను ఊడదీసి యొక తోటయింటిలో పెట్టిరి. అది పిదప ఉద్యానవిద్యా కళాశాలలో ఉపన్యాసశాలయై, రెండవ ప్రపంచయుద్ధమున బాంబుదెబ్బకు నశించెను. ఒక్క గదిని కుదురు చేయుటకు ఓడ నంతయు పాడుచేయరాదను పాఠము మాత్రము మిగిలెను.

ఇంతకన్న నెమ్మదిగా పనిచేసినవాడు విలియం ఫ్రూడ్. ఆయన 1861లో ఓడ యేల ప్రక్కలకు ఊగునో గణితముచే నిరూపించెను. కెరటముల తాళమును, ఓడ సహజమైన యూపుతాళమును కలిసినప్పుడు ఊపు పెరిగిపోవును. ఉయ్యాలను దాని తాళమునకు సరిగా త్రోసిన నది యెత్తునకు పోవుట లేదా? ఓడ యడుగున ఇరుప్రక్కల బద్దెలు కట్టిన నూపు తగ్గునని 1870 దశకమున ఆయన నిజమైన యోడలపై పరీక్షించి చూపెను. అటుపిమ్మట జర్మనీదేశమున ష్లిక్ అను నతడు 1906లో బరువైన బొంగరము వంటి చక్రమును ఓడలో త్రిప్పి ఊపును తగ్గించెను. ఇటలీవారి కోంతె ది సావోయా అను గొప్ప నౌక 1932లో మొదటి ప్రయాణము చేసినప్పుడు అందు అట్టి బొంగరములు మూడుండెను. ఒక్కొక్కటి 100 టన్నులకు మించినది. కాని బరువునకు తగిన ఫలము దక్కలేదు. తుదకు చేప రెక్కల వంటి రెక్కలను ఓడ యడుగున ఇరుప్రక్కల బయటికి చాచు పద్ధతి నిలిచెను. 1936లో ఐల్ ఆఫ్ సార్క్ అను చిన్న యోడకును, 1950లో చుసాన్ అను పెద్ద ప్రయాణికుల నౌకకును వానిని అమర్చిరి. నేటి విహారనౌకలలో ఇవి సర్వసాధారణము.

అట్లయిన గది యేదైన నేమి యని మీరడుగవచ్చును. ఆ రెక్కలు ప్రక్కల యూపును బాగుగా తగ్గించును. ముందువెనుకల యూపును తగ్గింపజాలవు. నీటిలో వేగముగా పోవునప్పుడు పనిచేయును; ఓడ నిలిచియున్నప్పుడు వాని బలము చాల తగ్గును. కావున ఏతపు లెక్క నేటికిని చెల్లుచునే యున్నది.

ఓడగదులనుగూర్చి ఒక కట్టుకథ కూడ కలదు. ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చునప్పుడు ఎడమవైపు గదులును, తిరిగి పోవునప్పుడు కుడివైపు గదులును ఎండ తక్కువగా తగులునవని, ధనికులు వానినే కోరెడివారని, ఆ నాలుగు మాటల మొదటి యక్షరములు కలిసి పాష్ అను ఇంగ్లీషు మాట పుట్టెనని చెప్పుదురు. దీనికి సాక్ష్యమేమియు దొరకలేదు. అయినను ఈ కథలో కొంత లోకజ్ఞానము కలదు. మనుష్యుడు గదిని కోరునప్పుడు ఒక కాలమున వెలుతురును, ఒక కాలమున గౌరవమును, ఒక కాలమున చల్లదనమును కోరెను. ఎవడు దేనిని కోరినను సముద్రము తన లెక్క మానలేదు.

ఇప్పుడొక విచిత్రము చూడుడు. నేటి విహారనౌకలలో ఎక్కువ వెల గలవి పైయంతస్తులలోని వసారా గదులు, ముందువెనుక కొనల విశాలమైన గదులు. సముద్రపు చూపు కొఱకు జనులు ఆ వెల నిత్తురు. అనగా ధనికుడు మరల తానై వచ్చి కొబ్బరిచెట్టు తలపైనను, ఏతపు కొనను కూర్చుండినాడు. క్రిందియంతస్తున నడుమనున్న చిన్నగదికి వెల తక్కువ, కుదురు ఎక్కువ. 1871లో ధనికుల పాలైన చోటు నేడు సామాన్యునకు తక్కువ సొమ్ముతో దొరకుచున్నది. ఎఱిగినవాడు దానిని విడువరాదు.

కావున మీలో ఎవరైన ఓడ నెక్కవలసివచ్చినను, మీ బిడ్డలు మీ కొఱకు టిక్కెట్టు కొనుచున్నను, ఈ కొన్ని మాటలు చెప్పుడు. మొదట ఓడపటము నడిగి తీసికొనుడు. నిడివికి నడుమనున్న గది కోరుడు. ఇది అన్నిటికన్న ముఖ్యము. తరువాత క్రిందియంతస్తు కోరుడు; అయితే యంత్రముల శబ్దము వచ్చు చోటు కాకుండునట్లు విచారించుకొనుడు. నడుమ పైగది, కొనను క్రిందిగది అను రెండే మిగిలినయెడల, రెక్కలు గల పెద్ద నౌకలో నడుమ పైగదియే మేలు. ఏలయన ప్రక్కల యూపును రెక్కలు తగ్గించును, కొనల యూపును తగ్గించునది లేదు. కిటికీ గల గది దొరకిన మంచిది. దూరమున ఆకాశము నీటిని తాకు గీతను చూచుచున్న, కన్నును చెవియు ఒక్క సాక్ష్యమే చెప్పును. వికారము ఆరంభమైనయెడల డెక్కు నడుమకు పోయి గాలి తగులునట్లు నిలిచి ఆ గీతను చూడుడు. లేదా వెల్లకిల పరుండి తల కదలనీయకుడు. మందుల విషయము వైద్యుని యడిగి బయలుదేరుటకు ముందే తెలిసికొనుడు.

చివరి మాట. ఓడలో నడుమచోటు కొంచెమే, ప్రయాణికులు పెక్కురు. అందఱును నడుమ పరుండుట యసాధ్యము. సొమ్ము గలవాడు దానిని కొనుక్కొన్న కాలము కలదు. బలము గలవాడు పరుగెత్తి పట్టుకొన్న కాలము కలదు. రంగమునకు పోవు డెక్కుమీద తన చాపను బాలెంతకు విడిచి కొనకు పోయిన కూలివాని నిర్ణయము ఆ రెంటికన్న గొప్పది. మీకు ఊపు తగులనియెడల, మీ గది నడుమనుండి మీ తోడివానిది కొనను ఉన్నయెడల, ఒక్కరాత్రికి గదులు మార్చుకొనుటకు టిక్కెట్టుపై వేఱు వెల లేదు. కుదురైన చోటును ఎఱుగుట తెలివి. దానిని అవసరమున్నవానికి ఇచ్చుట పెద్దతనము.